ఆరో బెడ్ ఖాళీ

"ఆరో బెడ్ ఖాళీ" అన్నాను. పొద్దున ఏడున్నరకు, డ్యూటీ దిగే ముందు తర్వాతి షిఫ్టు వాళ్లకు పేషెంట్లను అప్పగిస్తూ హ్యాండోవర్ ఇస్తున్నాను. ఆ బెడ్ మీద 11 రోజులున్న తాతగారు తెల్లవారుజామున పోయారు. ఆయన ముఖం తుడిచి దుప్పటి కప్పింది నేనే. కొత్తగా చేరిన అమ్మాయి "అక్కా, తాతగారు పోయారా?" అని ఏడ్చేసింది. నాకు ఏడుపు రాలేదు. రానందుకు ఇంటికెళ్లే బస్సులో భయమేసింది.

తొమ్మిదేళ్లుగా విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. అప్పటికి ఆరు నెలలుగా సరిగ్గా నిద్ర లేదు. డ్యూటీ టైమయ్యేసరికి కడుపులో తిప్పేది. ఇంట్లో పిల్లాడి మీద అరిచేదాన్ని. ఓపిక తగ్గిందనుకున్నాను. మా అమ్మ దిష్టి కూడా తీసింది.

ఒక ఆఫ్ రోజు 14416కి ఫోన్ చేశాను. అది టెలి మానస్, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, ఉచితం. తెలుగులోనే మాట్లాడారు. నెలలో ఎన్ని నైట్లు, డ్యూటీకీ డ్యూటీకీ మధ్య ఎంత టైము అని అడిగితే చెప్పలేకపోయాను. రాసి చూడమన్నారు.

పిల్లాడి పాత నోట్‌బుక్‌లో నెలంతా రాశాను. నైట్లు 14. డబుల్ డ్యూటీలు 5. నాలుగు ఆఫ్‌లలో రెండింటికి ఫోన్ చేసి పిలిచారు. వెంటిలేటర్ పేషెంటు ఒక్కరికి ఒక నర్సు ఉండాలంటుంది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. నేనొక్కదాన్నే ఇద్దరిని చూసిన నైట్లు 9. ఇలా పని వల్ల మనిషి పూర్తిగా అలసిపోవడాన్ని బర్నౌట్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని జబ్బుల్లో చేర్చలేదు, పనిచేసే చోట తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అంది. అది చదివాక, లోపం నాలో ఉందన్న దిగులు చాలావరకు పోయింది.

నోట్‌బుక్ పట్టుకుని సూపరింటెండెంట్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. "మేడమ్, ఇది కంప్లైంట్ కాదు, ఒక్కసారి చూడండి." ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేజీ తిప్పారు. 17వ తేదీ దగ్గర ఆగారు. ఆ తెల్లవారుజామున నాలుగింటికి ఒక పేషెంటుకు ఇవ్వాల్సిన హెపారిన్, అంటే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్, లోడ్ చేసుకుని పొరపాటున పక్క బెడ్ దగ్గరికి వెళ్లాను. రెండో సిస్టర్ చూసి ఆపింది.

"ఇది ఎవరికైనా చెప్పావామ్మా?"

"లేదు మేడమ్."

మేనేజ్‌మెంట్ ముందు యోగా క్లాసు పెడతామంది. యోగా మంచిదే, కానీ 12 గంటల నైట్ చేసి వచ్చిన మనిషికి కావాల్సింది నిద్ర. మేడమ్ గట్టిగా నిలబడ్డారు. వరసగా మూడు నైట్లకు మించి వేయకూడదు, ఆ తర్వాత రెండు రోజులు ఆఫ్, ఆఫ్‌లో ఫోన్ చేయకూడదు, ఒప్పుకుంటేనే డబుల్ డ్యూటీ. ఇద్దరు కొత్త స్టాఫ్ రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. నేను అడిగి పెట్టించుకున్నది ఒకటుంది: పేషెంటు పోతే, చూసుకున్న సిస్టర్‌కు పది నిమిషాలు ఇవ్వాలి, ఆలోపు మిగతావాళ్లు ఆమె పేషెంట్లను చూడాలి.

పోయిన నెల రెండో బెడ్ మామ్మగారు పోయినప్పుడు లినెన్ రూములో ఉతికిన దుప్పట్ల పక్కన కూర్చున్నాను. చాన్నాళ్లకు ఏడుపు వచ్చింది. ముఖం కడుక్కుని వెళ్లి, హ్యాండోవర్‌లో ముందు ఆవిడ పేరు చెప్పాను.

నాలుగో నైట్ ఇప్పటికీ అప్పుడప్పుడూ పడుతోంది. పడినప్పుడల్లా నోట్‌బుక్‌లో రాస్తున్నాం. అది ఇప్పుడు మా స్టాఫ్ రూములో, ఫ్రిజ్ మీద ఉంటుంది.