దూలం దొరకని దీవి

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ కొండ వాలున, రాతికి అతుక్కుపోయినట్టుండే తెల్లటి చిన్న ఇళ్ల వాడ ఒకటి ఉంది. దాని పేరు అనఫియోటికా. 1834లో ఏథెన్స్ గ్రీసుకు రాజధాని అయ్యాక, ఒట్టో రాజు కాలపు కట్టడాల పనికి అనఫి దీవి నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, రాళ్లు మోసిన పగళ్లు పోగా మిగిలిన వేళల్లో తమ ఊరి తీరునే ఇక్కడ ఈ ఇళ్లు కట్టుకున్నారు. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ అందరిలాగే అక్కడ ఫొటోలు దిగి వచ్చేశాను. ఆ మేస్త్రీల సొంత ఊరు ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక మాత్రం వదలలేదు. నిరుడు సెప్టెంబరులో అది తీరింది.

అనఫి ఏజియన్ సముద్రంలోని సైక్లడీస్ దీవుల గుంపులో ఆగ్నేయపు కొసన, సాంతొరిని దీవికి తూర్పున ఉంటుంది. వైశాల్యం 38 చదరపు కిలోమీటర్ల పైచిలుకు; 2011 జనాభా లెక్కల్లో ఉన్నది 271 మంది. సాంతొరిని రేవులో కాలు పెట్టే చోటు లేనంత జనం ఉంటే, అనఫి ఓడ ఎక్కినవాళ్లను మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. దిగిన రేవు పేరు అయియోస్ నికొలాస్. అక్కడి నుంచి మలుపులు తిరుగుతూ గుట్ట ఎక్కితే హోరా వస్తుంది. దీవి మొత్తానికీ ఊరు అనదగినది అదొక్కటే.

హోరాలో నేను ముందు చూసింది ఇళ్ల కప్పులనే. కలపకు పనికొచ్చే చెట్లు దీవిలో దాదాపు లేవు కనుక దూలం, వాసం అన్న ఆలోచనకే తావు లేదు. ఉన్నదల్లా రాయి, మట్టి, సున్నం. అందుకే రెండు గోడల నడుమ కమాను తిప్పి, ఇంటి కప్పును బోర్లించిన దోనెలా కట్టారు. వాన చుక్క నిలవకుండా జారి కింది తొట్టిలో చేరుతుంది. నేను బస చేసిన ఇంటి పెద్దావిడ, భాష రాని నాకు అరచేతిని వంచి ఆ కప్పునూ, వేలితో నీరు జారే దారినీ చూపించింది. ఏథెన్స్ కొండ కింద ఆ మేస్త్రీల చేతులు ఏ పనితనంతో వెళ్లాయో నాకు అప్పుడు బోధపడింది.

మర్నాడు తూర్పు కొసన ఉన్న కాలమోస్ కొండ దాకా నడిచాను. క్లిసిది, రుకునాస్ ఇసుక తీరాల పక్కగా సాగే కాలిబాట పొడవునా ఎండిన తుప్పల నుంచి వాము లాంటి వాసన. పొరుగు దీవి ఆస్తిపలయా నుంచి ఎవరో తెచ్చి వదిలిన జత కౌజుపిట్టలు ఇక్కడ విపరీతంగా పెరిగిపోయి, జనం దీవి వదిలిపోవాల్సినంత పని చేశాయని ప్రాచీన గ్రీకులు రాసుకున్నారు. నాకు మాత్రం ఒక్కటీ కనబడలేదు. బాట చివర ఉన్న జోఓదోహొస్ పిగి మఠం గోడల్లో పాత అపోలో గుడి పాలరాళ్లు ఇప్పటికీ ఉన్నాయి. చీకటి సముద్రంలో దారి తప్పిన, ఆర్గో అనే ఓడలోని గ్రీకు పురాణ వీరులకు అపోలో దేవుడు వెలుగు చూపగా ఈ దీవి కంటబడిందని పురాణం. ఆ గుడి ఆ వెలుగుకే. దాని వెనుక నిటారుగా 460 మీటర్ల ఏకశిల, దాని నెత్తిన కాలమియోటిస్సా అనే చిన్న చర్చి. పైకెక్కాక గాలి నిలబడనివ్వలేదు; కూర్చునే సముద్రం చూశాను.

ఇంత అందమైన చోటును ప్రభుత్వం చెరసాలగా వాడుకుందంటే నమ్మడం కష్టం. 1936లో మొదలైన గ్రీకు పాలకుడు మెటాక్సాస్ నియంతృత్వంలో రాజకీయ ప్రత్యర్థులను వందల సంఖ్యలో ఇక్కడికి తరలించారు. గోడలు అక్కర్లేదు, చుట్టూ సముద్రమే కావలి. ఆ ప్రవాసులు తమలో తాము సంఘంగా ఏర్పడి, వంటా పనీ వంతులు వేసుకుని బతికారు. జర్మన్, ఇటాలియన్ ఆక్రమణ కాలపు కరువులో కొందరు ఆకలితో ఇక్కడే పోయారు.

తిరుగు ప్రయాణం నాడు ఉత్తరపు గాలి లేచి ఓడ రాలేదు. కొట్టులో ఉల్లిగడ్డల బుట్ట సాయంత్రానికి ఖాళీ అయినా ఎవరూ కంగారు పడలేదు. ఓడ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. గ్యాస్ సిలిండర్లు, కూరగాయల పెట్టెలు, సిమెంటు బస్తాలు దిగాయి. వాటి వెనుక, కొత్తగా కడుతున్న ఏదో ఇంటి కోసం, నలుగురు మోసుకొచ్చిన పొడవాటి చెక్క దూలాలు.