నావికుల గుడిలో చెల్లించిన మొక్కు

పాత పంచాంగం ప్రకారం రష్యన్లు నావికుల రక్షకుడిగా కొలిచే పరిశుద్ధ నికొలాసు పండుగ చేసుకునే డిసెంబరు 19న, సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆయన పేరిట ఉన్న నౌకాదళ దేవాలయంలో నా మొక్కు చెల్లించుకున్నాను. సరుకుల ఓడలో పనిచేసే మా పెద్దబ్బాయి తుపానులో చిక్కుకుని మూడు రోజులు కబురు లేకుండా పోయినప్పుడు, విశాఖలో మోకరించి మొక్కుకున్న మొక్కు అది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోనే వైద్యవిద్య చదువుతున్న మా అమ్మాయి నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళింది.

క్ర్యుకోవ్ కాలువ ఒడ్డున గుడికి విడిగా నిలిచిన గంటగోపురాన్ని దాటగానే మంచులో లేతనీలి గోడలు, ఐదు బంగారు గుమ్మటాలు కనిపించాయి. 1753 నుంచి 1762 వరకు దీన్ని కట్టించిన సవ్వా చెవకిన్‌స్కీ నౌకాశాఖ వాస్తుశిల్పి. మూలల్లో తలభాగాన ఆకుల చెక్కడాలున్న తెల్లని కొరింథియన్ స్తంభాలను మూడేసి చొప్పున గుత్తులుగా నిలిపి, గోడలను ముందుకూ వెనక్కూ మలిచిన ఆయన పనితనం చూస్తుంటే, అంత పెద్ద కట్టడం నీళ్ళమీద తేలుతున్నట్టే అనిపించింది. సోవియట్ కాలంలో నగరంలో ఎన్నో గుళ్ళు మూతబడినా, రెండో ప్రపంచయుద్ధకాలపు దిగ్బంధంలో జనం ఆకలితో ప్రాణాలు విడుస్తున్నా, ఇక్కడ ఆరాధన జరుగుతూనే ఉందట.

బయట వరుసలో చాలాసేపు నిలబడేసరికి నా వేళ్ళు స్పర్శ కోల్పోయాయి. ముందున్న ముసలమ్మ ఒక్క మాటైనా అనకుండా తన ఉన్ని చేతితొడుగులు తీసి నా చేతులకు తొడిగింది.

ఈ గుడికి రెండు అంతస్తులు. వెలుతురు నిండిన పైగుడికి ఆ తొక్కిసలాటలో ఎక్కలేకపోయాం. నికొలాసు పేరిట ఉన్న కింది గుడిలో కప్పు తక్కువ ఎత్తులో, చీకటిగా, ఓడ అడుగుగదిలా ఉంది. 1989లో మునిగిన కొమ్సొమోలెత్స్ అనే సోవియట్ జలాంతర్గామిలో చనిపోయిన 42 మంది నావికుల స్మారకఫలకం గురించి అమ్మాయి చెబుతుంటే నాకు కాళ్ళు కదల్లేదు. వాళ్ళ తల్లులూ ఇలాగే మొక్కుకుని ఉంటారు కదా! నికొలాసు పటం ఎదుట నిలిచే వంతు వచ్చేసరికి సెల్‌ఫోన్లు పైకెత్తినవాళ్ళు అడ్డం వచ్చారు. పండుగనాడు దేవుని ఎదుట కూడా ఈ తోపులాట ఎందుకో! వాళ్ళ మోచేతుల సందులోంచి, కొవ్వొత్తుల వెలుగులో, ఆయన నుదురూ ఆశీర్వదించే చెయ్యీ మాత్రం రెండు క్షణాలు కనిపించాయి. నేర్చుకెళ్ళిన ప్రార్థన మరిచిపోయి, బాబు పేరొక్కటే పలికాను.

బయటికి వచ్చాక తొడుగులు తిరిగిస్తూ ముసలమ్మకు ఓడమీద నిలబడిన మా అబ్బాయి ఫొటో నా ఫోన్‌లో చూపించాను. "మొర్యాక్," అంది, నావికుడని. ఆ తెర మీదే మూడు వేళ్ళు కలిపి మెల్లగా సిలువ గుర్తు వేసింది.