విశాఖ తేమలో తోలు ట్యాబ్ కేసు: మే నుంచి నవంబరు దాకా

పది అంగుళాల ట్యాబ్ పట్టే మడత కేసు. వెజిటబుల్ ట్యాన్ తోలు, అంటే చెట్ల బెరడు, కాయలతో పదును చేసింది. లోపల మెత్తని గుడ్డ అస్తరు, ఫ్లాప్‌కి ఒక ప్రెస్ బటన్. తోలు సంరక్షణ గురించి రాసేవాళ్ళలో చాలామందిది చలిదేశం. తోలు ఎండి పగుళ్ళిస్తుందని వాళ్ళ బెంగ, అందుకే మాటిమాటికీ నూనె పట్టించమంటారు. మన సముద్రతీరంలో ఆ బెంగ అక్కర్లేదు. ఇక్కడ తోలుకి కావలసింది గాలి.

మే

ముందు తేల్చుకోవలసింది అది తోలేనా అన్నది. ఫ్లాప్ లోపలివైపు కనబడని మూల ఒక్క నీటిచుక్క వేశాను. కాసేపటికి చుక్క ఇంకి, అక్కడ రంగు ముదిరింది, ఆరాక మామూలైంది. చుక్క పూసలా నిలబడిపోతే పైన ప్లాస్టిక్ పూత మందంగా ఉందనో, అసలు అది రెగ్జినేననో అనుకోవాలి. రెగ్జిన్‌కి ఏ క్రీమూ పనిచేయదు, తేమకి పూత పొరలు పొరలుగా లేచిపోతే చేసేదేమీ లేదు.

శుభ్రం చేయడం తేలికే. ట్యాబ్ బయటికి తీసి, మడత దగ్గరా కుట్ల వెంబడీ పాత టూత్‌బ్రష్‌తో దుమ్ము దులిపాను. లోపలి అస్తరుకి ప్యాకింగ్ టేపు అద్ది లాగితే ఇసుక రేణువులు వచ్చాయి. ట్యాబ్ వెనక గీతలు పడేది వీటివల్లే. బట్టల సబ్బు, హ్యాండ్ శానిటైజర్ రెండూ వద్దు. తోలుది కొద్దిగా ఆమ్లగుణం, సబ్బుది క్షారం. శానిటైజర్‌లోని ఆల్కహాలు రంగునే లేపేస్తుంది.

జులై

మడత లోపల తెల్లటి పొడలు. చూడగానే బూజు అనిపిస్తుంది కానీ అన్నీ బూజు కావు. తోలులోని మైనం, కొవ్వు పైకి తేలినా ఇలాగే తెల్లగా కనిపిస్తుంది. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పెట్టి దూరంనుంచి చూపిస్తే మైనమైతే కరిగి మాయమవుతుంది, బూజైతే కదలదు. మడతలోది మైనం, గుడ్డతో రుద్దితే పోయింది. కుట్ల పక్కన నూగులా ఉన్నది మాత్రం బూజే.

బూజుని ఇంట్లో దులపకూడదు, గాల్లో లేచి పక్కనున్న బెల్టుకీ చెప్పులకీ పడుతుంది. బాల్కనీలో పొడిగుడ్డతో తుడిచి, ఐసోప్రొపైల్ ఆల్కహాలులో అంతే నీళ్ళు కలిపి, గుడ్డకి తడి తగిలీ తగలనట్టు అద్ది ఒకసారి తుడిచాను. రంగు పోతుందేమోనని ముందు లోపలివైపు చూసుకున్నాకే. తరవాత నీడలో, ఫ్యాను కింద, కేసు పూర్తిగా తెరిచి ఉంచాను. ఎండలో పెడితే బూజుతోపాటు తోలూ పోతుంది.

అప్పటినుంచి బీరువాలో పెట్టడం మానేశాను. ప్లాస్టిక్ కవరు అసలే వద్దు. పాత పంచె ముక్కతో కుట్టిన సంచీ, అందులో సిలికా జెల్ పొట్లం. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే నీరు పట్టేసినట్టే. ఆ నీలంలో కోబాల్ట్ ఉంటుంది, కాబట్టి వాటిని వంట పెనం మీద వేయించకండి. కలరా ఉండలు బూజుని ఆపవు, పైగా ఆ వాసన తోలుని వదలదు.

ఆగస్టు

ఈ నెల సంగతి బటన్ చుట్టూ పడిన మరక. పూత అరిగి లోపలి ఇనుము బయటపడింది, దాని చుట్టూ గోరంత వలయం నీలం కలిసిన నలుపులో. తుప్పు రంగు కాదు, సిరా రంగు. కారణం తెలిస్తే ముచ్చటేస్తుంది. తోలుని పదునుచేసిన టానిన్‌కి ఇనుమూ తేమా తగిలితే నల్లరంగు పుడుతుంది. కాళహస్తి కలంకారీలో నలుపు వచ్చేదీ ఇలాగే: గుడ్డని కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టి, బెల్లంనీళ్ళలో ఇనుము ఊరబెట్టిన ద్రవంతో గీస్తారు. మన వైపు తోళ్ళు పదునుచేయడానికి తంగేడు చెక్క, కరక్కాయ వాడడం పాత అలవాటే. నా కేసు మీద ఎవరూ అడగని కలంకారీ పడిందన్నమాట.

విరుగుడు నిమ్మరసం. సగానికి సగం నీళ్ళు కలిపి, చెవి పుల్లతో మరక మీద మాత్రమే అద్దాను. చూస్తుండగానే నలుపు బూడిదరంగుకి తిరిగి, రెండోసారి అద్దేసరికి చాలావరకు పోయింది. వెంటనే తడిగుడ్డతో రసం తుడిచేయాలి. బటన్ తీయించి ఇత్తడిది వేయించాను. మార్చడం కుదరకపోతే ఇనుము మీద రంగులేని నెయిల్ పాలిష్ పూసినా తేమ తగలదు.

అక్టోబరు

ఫ్లాప్ మూల కుట్టు ఊడింది. మిషన్ కుట్టులో ఒకచోట దారం తెగితే వరసంతా వదులవుతుంది. చేత్తో రెండు సూదులతో, ఒకే రంధ్రంలోంచి అటూ ఇటూ దూర్చి కుడితే ఒక దారం తెగినా రెండోది పట్టుకుంటుంది. మైనం పట్టిన 0.8 మిల్లీమీటర్ల పాలిస్టర్ దారం, కుట్టే పొడవుకి నాలుగింతలు తీసుకున్నాను. పాత రంధ్రాల్లోంచే కుట్టాలి. వాటి మధ్య కొత్తవి పొడిస్తే తపాలా బిళ్ళల షీటులా అక్కడే చిరుగుతుంది. పూడుకుపోయిన రంధ్రాల్ని మాత్రం చెప్పులు కుట్టేవాళ్ళ ఆరెతో కాస్త తెరిచాను. చివర రెండు కుట్లు వెనక్కి వేసి, దారం కొస నిప్పుకి చూపించి అణిచేశాను.

నవంబరు

చలిగాలి మొదలయ్యాక ఇప్పుడు తోలుని మెత్తగా ఉంచే క్రీము, అంటే కండిషనర్, అదీ శనగగింజంత, గుడ్డ మీద తీసుకుని మడత బయటివైపు మాత్రమే. రోజూ వంగేది అదే కాబట్టి ముందు పగిలేదీ అదే. కొబ్బరినూనె రాయమని మా అత్తయ్య సలహా. అది తోలుని నల్లబరుస్తుంది, లోపలికి దిగి ట్యాబ్‌కి జిడ్డు అంటిస్తుంది. అత్తయ్యకి సరేనన్నాను, రాయలేదు. ఛార్జింగ్ పెట్టేటప్పుడు మాత్రం ట్యాబ్‌ని కేసులోంచి తీసేస్తున్నాను, మందపాటి తోలు వేడిని బయటికి పోనివ్వదు.

మిగిలింది అంచుల పని. రెండు మూలల్లో పొరలు విడుతున్నాయి. సన్న గరుకుకాగితంతో రుద్ది, కొద్దిగా తడిచేసి, తేనెమైనం పట్టించి, నున్నటి కర్రతో మెరుగు పెట్టాలి. గాలిలో తేమ ఇంకాస్త తగ్గాక, జనవరిలో చేస్తాను.