భిక్షాం దేహి అని అడిగేది మనమే

అన్నపూర్ణాష్టకం వినపడని ఇల్లు మనలో తక్కువే. అష్టకమంతా రాకపోయినా "అన్నపూర్ణే సదాపూర్ణే శంకరప్రాణవల్లభే" అని విస్తరి ముందు పిల్లలచేత అనిపిస్తాం. అదే మనం కార్తీకమాసం రాగానే అన్నదానమని కుటుంబమంతా పట్టుబట్టలు కట్టుకుని గుడికి బయల్దేరి, చేతికి గరిటె రాగానే ఆ శ్లోకంలో "భిక్షాం దేహి" అని ఎవరు ఎవరిని అడుగుతున్నారో ఎలా మర్చిపోతామో నాకు అర్థం కాదు. అడుగుతున్నది అష్టకం రాసిన ఆదిశంకరులు. అంతకుముందు, జగమంతా మాయే అన్నందుకు అమ్మవారు అలిగి మాయమైతే, కాశీలో ఆమె గుమ్మం ముందు పాత్ర పట్టుకుని నిలబడింది సాక్షాత్తూ పరమేశ్వరుడు. రోజూ ఆ మాటలు చదివే మన చోటు కూడా అక్కడే కదా, చెయ్యి చాపిన వాళ్ల వరసలో.

మొన్న ఒక అన్నదానంలో చూశాను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. బాబు చేతిలో లడ్డూల పళ్లెం, నాన్న చేతిలో ఫోన్. బంతిలో కూర్చున్న ఒక పెద్దాయన ముద్ద నోటి దాకా తీసుకెళ్తుంటే "తాతా, ఒక్క నిమిషం, ఇటు చూడండి" అన్నారు. ఆయన ముద్ద విస్తట్లో పెట్టేసి, అన్నం అంటిన చెయ్యి అలాగే గాల్లో పట్టుకుని, ఫొటో అయ్యేదాకా ఆగాడు. తర్వాత నిర్వాహకులు మీరూ కూర్చోండి, చివరి బంతి నడుస్తోంది అంటే ఆ కుటుంబం "అబ్బే, మేం తినమండీ, హోటల్లో టేబుల్ బుక్ చేసుకున్నాం" అని కారెక్కింది. వాళ్లేం చెడ్డవాళ్లు కాదు. బియ్యం బస్తాలకి డబ్బు కూడా ఇచ్చే ఉంటారు. కానీ ఆ పిల్లవాడు ఆ రోజు నేర్చుకున్నది ఏమిటంటే లోకంలో పెట్టే ఇళ్లు వేరు, తినే ఇళ్లు వేరు అని.

అష్టకం చివర ఒక శ్లోకం ఉంది. చాలామంది హారతి హడావిడిలో పడి అక్కడిదాకా రారు.

మాతా చ పార్వతీ దేవీ పితా దేవో మహేశ్వరః
బాంధవాః శివభక్తాశ్చ స్వదేశో భువనత్రయమ్

నాకు అష్టకం మొత్తంలో ప్రాణం ఇక్కడే ఉందనిపిస్తుంది. దీనికి ముందు శ్లోకంలోనే కదా భిక్ష పెట్టమ్మా అని అడిగింది! అడిగిన నోటితోనే మా అమ్మ ఈవిడ, మా నాన్న ఆయన, మా చుట్టాలు వీళ్లు, మా ఊరు ఈ మూడు లోకాలూ అని కుటుంబాన్ని లెక్క చెబుతున్నారు. ఇల్లూ వాకిలీ వదులుకున్న సన్యాసి నోట చుట్టాల మాట ఎందుకు వచ్చింది? అన్నం అడిగే చనువు మనవాళ్ల దగ్గరే ఉంటుంది గనక. "అమ్మా, ఆకలి" అని పరాయివాళ్లని అడగలేం. అడిగామంటే వాళ్లు మనకు పరాయి కారు. అలాంటప్పుడు మన బంతిలో కూర్చున్నవాళ్లు ఎవరు? పెళ్లిలో మేనమామ భోంచేస్తుంటే ఆయన విస్తరిని ఫొటో తీసి ఫలానా వారికి అన్నం పెట్టాం అని స్టేటస్ పెట్టుకుంటామా? పక్కన వంగి "మావయ్యా, ఇంకొంచెం పప్పు వేయించుకో, నెయ్యి వెయ్యలేదే నీకు" అంటాం. ఆ గొంతే ఇక్కడా రావాలి. పిల్లలకి వడ్డన నేర్పేముందు ఆ పిలుపులు నేర్పండి. పెద్దమ్మా, బాబాయ్, అన్నా, మారు కావాలా?

శ్రీనాథుడు భీమఖండంలో చెప్పిన వ్యాసుడి కథ మీకు తెలిసిందే, పదో తరగతి పాఠంగా కూడా చాలామంది చదువుకున్నారు. కాశీలో ఎన్ని గుమ్మాలు ఎక్కినా భిక్ష దొరక్క, కోపంతో ఊరినే శపించబోయాడు. అప్పుడు పెద్ద ముత్తైదువ రూపంలో అమ్మవారు వచ్చి భోజనానికి రమ్మంటే, అంత ఆకలిలోనూ ఆయన ఏమన్నాడు? పదివేలమంది శిష్యులున్నారు, వాళ్లు తినకుండా నేను తినే వ్రతం కాదు నాది అన్నాడు. చూడండి, శాపం పెట్టబోయిన నోరే, అయినా ఒక్కడూ తినడానికి ఒప్పుకోలేదు. ఆ ఒక్క మాటకే అమ్మవారు కరిగిందని నా నమ్మకం. అందరినీ తీసుకురా అంది. తిని కూర్చున్నాక నీతో కొన్ని మాటలున్నాయి అని కూడా అంది. ఇక శివుడు కోప్పడి కాశీ విడిచి పొమ్మన్నది వాళ్ల కడుపులు నిండాకే! మన దగ్గరేమో ముఖ్య అతిథి రావాలి, శాలువా కప్పాలి, నాలుగు మాటలు మాట్లాడాలి, అప్పటిదాకా ఆకలితో ఉన్నవాళ్లు ఎండలో లైన్లో ఉండాలి.

తిరుమల వెంగమాంబ సత్రంలో మాత్రం ఈ గొడవ లేదు. 1985లో మొదలైన నిత్యాన్నదానం అది. ట్రస్టుకి లక్షలిచ్చినాయన, పక్కనే గుండు కొట్టించుకున్న పల్లెటూరి రైతు, వాళ్ల పిల్లలు, అందరూ ఒకే వరసలో కూర్చుని ఒకే సాంబారు తింటారు. ఎవరికీ నామోషీ ఉండదు, ప్రసాదం అంటాం గనక. సిక్కుల గురుద్వారాల్లో అందరికీ ఉచితంగా పెట్టే భోజనం, లంగర్‌లోనూ అంతే. అక్బర్ పాదుషా అయినా సరే, ముందు బంతిలో కూర్చుని తిన్నాకే వాళ్ల గురువు అమర్‌దాస్ దర్శనం దొరికిందని వాళ్లు చెప్పుకుంటారు. కొండమీద లేని నామోషీ మన వీధిలోకి వచ్చేసరికి ఎక్కడినుంచి వస్తోంది?

మన గోదావరి లంకల గన్నవరంలో ఆకలన్నవాళ్లకల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి సంగతి చెప్పకుండా ఉండలేను. అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయల్దేరిన ఆవిడ, దారిలో ఆకలితో ఉన్న ఒక కుటుంబం "ఇంకాసేపట్లో గన్నవరం చేరిపోతాం, సీతమ్మగారు అన్నం పెడుతుంది" అని పిల్లల్ని ఊరడిస్తుంటే విని, పల్లకీ వెనక్కి తిప్పించి, వాళ్లకన్నా ముందే ఇల్లు చేరి వంట మొదలుపెట్టిందని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. స్వామి ఒక రోజు ఆగుతాడు, పసిపిల్లల ఆకలి ఆగదు. ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకానికి ఆవిడ ఫొటో కావాలని దొరలు అడిగితే ముందు ఒప్పుకోలేదట కూడా. ఆవిడ పోయింది 1909లో.

మాకు దగ్గర్లో ఒక పెద్దాసుపత్రి గేటు బయట గురువారాలు భోజనం పెడతారు. మా ఇంట్లోవాళ్లం వీలైనప్పుడల్లా వెళ్తాం. ముందు మేమూ కూర్చుని తింటాం, అప్పుడే గరిటె పట్టుకుంటాం, ఇది మా అత్తగారు పెట్టిన నియమం. ఆవిడ లెక్క ఏమిటంటే, తిన్నవాడికే ఉప్పు తగ్గిందో లేదో తెలుస్తుంది. నిజమే, పక్కన కూర్చుంటేనే కొన్ని కనిపిస్తాయి. ఒకావిడ చంకలో రిపోర్టుల ఫైలు తీయకుండానే తింటుంది, ప్రతి రెండు ముద్దలకీ గేటు వైపు చూస్తుంది, లోపల నుంచి పేరు పిలుస్తారేమోనని. అలాంటావిడకి కూర వచ్చేదాకా ఆగండమ్మా అనకూడదని, అన్నం మీద పప్పూ పెరుగూ ఒకేసారి వేసెయ్యాలని ఎదురుగా నిలబడితే తట్టదు.

అమెరికాలో ఉన్న మా చెల్లెలి కుటుంబం నెలకోసారి, లేనివాళ్లకి సరుకులు పంచే ఫుడ్ బ్యాంకులో డబ్బాల మీద తేదీలు చూసి సర్దే పనికి వెళ్తుంది. తీసుకునేవాళ్ల మొహం కూడా కనపడదు, పిల్లలకి బోర్ కొడుతోందని మొదట్లో గొణిగేది. కనపడకపోవడమే మంచిదే పిచ్చిదానా అన్నాను, కృతజ్ఞత వసూలు చేసుకునే వీలుండదు.

రాజసూయ యాగంలో అందరూ తలో పెద్ద పని తీసుకుంటే కృష్ణుడు వచ్చినవాళ్ల కాళ్లు కడిగే పని తీసుకున్నాడు. ఎంగిలాకులు కూడా ఎత్తాడని మన హరిదాసులు కలిపి చెబుతారు. మీ అబ్బాయికి లడ్డూల పళ్లెం వద్దు, ఉప్పు, మంచినీళ్లు ఇవ్వండి. వేడి సాంబారు దగ్గరికి పంపకండి. కాస్త పెద్దవాడైతే విస్తళ్లు ఎత్తనివ్వండి. ఫోన్లు కారులో పెట్టండి. తోచిందల్లా వండి పట్టుకెళ్లకుండా ముందు రోజే ఫోన్ చేసి ఏం కావాలో అడగండి, ఎందుకంటే ఒకే పూట నాలుగు కుటుంబాలు పులిహోరే తెస్తే అన్నం, చారు కోసం వచ్చినవాళ్లకి అవి ఉండవు. కార్తీక సోమవారాలకి ఎలాగూ జనం ఎక్కువే, వడ్డించేవాళ్లు ఒకళ్లనొకళ్లు తోసుకుంటారు. మీరు మాఘంలో వెళ్లండి, ఫాల్గుణంలో వెళ్లండి, ఎండలు ముదిరాక వెళ్లండి. అప్పుడు ఉల్లిపాయలు తరగడానికీ గంగాళాలు తోమడానికీ మనుషులు దొరక్క వంటమాస్టరు ఒక్కడే సతమతమవుతుంటాడు.