పాత ట్రాక్టర్ ట్రక్కు మరమ్మతు: ఆరు ఆదివారాల పని చిట్టా

బండి వివరం ముందు. ట్రాక్టర్ వెనక తగిలించే రెండు చక్రాల టిప్పింగ్ ట్రక్కు, అంటే తొట్టిని ఎత్తి సరుకు దించే రకం. తొట్టి 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు. చట్రం 100×50 చానల్, ఇరుసు 75 మి.మీ. చదరపు కడ్డీ, టైర్లు 9.00-16. ఇసుక, పశువుల ఎరువు, ధాన్యం బస్తాలు మోసిన బండి. పైకి కనిపించిన లోపాలు నాలుగు: అడుగు షీటుకు చిల్లులు, ఎడమ టైరు ఒక అంచునే అరగడం, బ్రేకు వేసినప్పుడల్లా వెనక నుంచి తన్నడం, ఎత్తిన తొట్టి నెమ్మదిగా దిగిపోవడం.

ఇలాంటి బండి షెడ్డుకు రాగానే చాలామంది చిల్లు షీటు మీద పడతారు, ఆ వెంటనే రంగు. షీటుకు చిల్లు పడితే ఇసుక కారుతుంది, అంతే. బేరింగు పగిలితే చక్రం ఊడుతుంది, ట్రాక్టర్‌కు తగిలించే ముందు రింగు తెగితే ట్రక్కు ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. అందుకే ఇక్కడ పని కింద నుంచి పైకి నడిచింది. షీటు వంతు నాలుగో ఆదివారానికి గానీ రాలేదు.

మొదటి ఆదివారం: హబ్బులు (చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగాలు)

ట్రక్కు ఖాళీ చేసి, ఒక చక్రానికి రెండు వైపులా అడ్డు దిమ్మెలు పెట్టి, రెండో వైపు ఇరుసు కింద జాకీ ఎత్తాలి. ఎత్తాక ఇరుసు కింద మొద్దు పెట్టి బరువు దాని మీదికి దించాలి. జాకీ ఒక్కదాని మీద ఉంచి చక్రం విప్పొద్దు. టైరును పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమ చక్రం టక్కుమంటూ కదిలింది, కుడిది కదల్లేదు. తిప్పి చూస్తే రెండూ గరగర.

మూత, స్ప్లిట్ పిన్ను, పిన్ను కోసం గాడులున్న క్యాజిల్ నట్టు, వాషరు, బయటి బేరింగు, ఆ తర్వాత హబ్బు. విప్పే వరస ఇదే. ఈ ఇరుసుకు లోపల 32211, బయట 30208 టేపర్ బేరింగులు ఉన్నాయి. నంబరులో చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం వస్తుంది: 11 అంటే 55 మి.మీ., 08 అంటే 40 మి.మీ. నంబరు చెరిగిపోయినా వెర్నియర్‌తో కొలిచి దుకాణంలో అడగొచ్చు. ట్రక్కులన్నిటికీ ఒకే బేరింగు ఉండదు కాబట్టి పాతది చేతిలో పట్టుకుని వెళ్లడమే మేలు.

డీజిల్‌తో కడిగాక ఎడమ లోపలి బేరింగు రోలర్లు నీలి రంగుకు తిరిగి కనిపించాయి. గ్రీజు అయిపోయి కాలిందన్నమాట. కుడి వైపు కప్పులో, అంటే బేరింగు బయటి వలయంలో, రోలరు రోలరుకూ గాట్లు. ఇలాంటివి కడిగి మళ్లీ వేయడానికి పనికిరావు. కప్పు, కోను (రోలర్లున్న లోపలి భాగం) జతగానే మార్చాలి. పాత కప్పులో కొత్త కోను వేస్తే కొత్తది కూడా త్వరగా పోతుంది. పాత కప్పును లోపలి నుంచి ఇత్తడి కడ్డీతో ఇటొక దెబ్బ అటొక దెబ్బ వేస్తూ తీయాలి. కొత్త కప్పు అడుగంటా కూర్చుందో లేదో చప్పుడే చెబుతుంది, మందంగా వచ్చే శబ్దం గట్టిగా మారుతుంది. కప్పు హబ్బులో వదులుగా తిరుగుతుంటే సెంటర్ పంచ్‌తో గాట్లు కొట్టి బిగించే అలవాటు ఉంది. నాలుగు ట్రిప్పులు కూడా ఆగదు. లేత్‌లో బుష్ వేయించాలి, లేదా హబ్బే మార్చాలి.

గ్రీజు లిథియం రకం, ఏపీ-3. అరచేతిలో ముద్ద పెట్టుకుని బేరింగు వెడల్పు అంచును దానికి ఒత్తుతూ పోతే రోలర్ల మధ్య నుంచి అవతలికి వస్తుంది. చుట్టూ అలా వచ్చేదాకా ఒత్తాలి. హబ్బు పొట్టలో మాత్రం మూడో వంతే. నిండా కూరితే వేడికి ఉబ్బి ఆయిల్ సీలును తోసుకుని బయటికొస్తుంది. పాత గ్రీజు పూర్తిగా కడగకుండా వేరే రకం కలపొద్దు, కొన్ని రకాలు కలిస్తే నీళ్లలా జారిపోతాయి. సీలు ప్రతిసారీ కొత్తదే వేయాలి, స్ప్రింగు ఉన్న వైపు హబ్బు లోపలికి.

బిగింపులోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. చక్రం తిప్పుతూ నట్టును గట్టిపడేదాకా బిగించాలి, అప్పుడే రోలర్లు తమ చోట కూర్చుంటాయి. తర్వాత ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పి, దగ్గరి గాడిలో కొత్త స్ప్లిట్ పిన్ను వేయాలి. చక్రం ధారాళంగా తిరగాలి, ఊపితే చేతికి తెలిసీ తెలియనంత కదలిక ఉండాలి. ఏ కదలికా లేకుండా బిగిస్తే మొదటి లోడుకే కాలిపోతుంది. పది కిలోమీటర్లు నడిపి హబ్బు మీద చెయ్యి వేసి చూడాలి. వెచ్చగా ఉంటే సరే. నాలుగు సెకన్లు కూడా చెయ్యి ఆనించలేకపోతే నట్టు బిగువు ఎక్కువైంది.

రెండో ఆదివారం: ఇరుసు వంకర

ముందు రింగు మధ్య నుంచి రెండు ఇరుసు కొనలకూ టేపు పట్టాలి. ఎడమ 3,412 మి.మీ., కుడి 3,427. తేడా 15. చిన్నదే అనిపిస్తుంది గానీ, కొనల మధ్య దూరం సుమారు మీటరున్నర, ఇరుసు రింగుకు దాదాపు మూడున్నర మీటర్ల వెనక ఉంది. లెక్క వేస్తే చక్రాలు సుమారు 35 మి.మీ. పక్కకు జరిగి నడుస్తాయి. ఇరుకు గట్టు మీద ఈ మాత్రం చాలు. ఇరుసును చట్రానికి పట్టి ఉంచే కుడి యూ బోల్టు వదులై ఇరుసు వెనక్కి జారింది. రెండు వైపులా కొత్త యూ బోల్టులు, డబుల్ నట్లు వేసి సరిచేస్తే తేడా 2 మి.మీ.కి దిగింది.

వంగిన ఇరుసును పట్టుకోవాలంటే హబ్బు ఎత్తులో రెండు టైర్ల మధ్య దూరం ముందొకసారి, వెనకొకసారి కొలవాలి. ఇక్కడ 3 మి.మీ. తేడానే ఉంది, ఇరుసు బాగానే ఉన్నట్టు. కాబట్టి ఎడమ టైరు ఒక అంచున అరగడానికి కారణం వదులు బేరింగు మీద చక్రం వాలి నడవడమే. ఆ లోపం మొదటి ఆదివారమే తీరిపోయింది.

మూడో ఆదివారం: ముందు రింగు, పగుళ్లు

బ్రేకు వేసినప్పుడు తన్నడం ఇక్కడి నుంచి వచ్చింది. రింగు పైన 30 మి.మీ. మందం ఉంటే, పిన్ను ఒరుసుకునే చోట 22 మిగిలింది. రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి తిరిగింది. వెల్డింగు రాడ్డుతో నింపి గ్రైండ్ చేస్తే పది నిమిషాల్లో పైకి కొత్తదానిలా ఉంటుంది, కానీ ఆ రింగు ఏ ఉక్కుతో చేశారో తెలియకుండా వేడి చేస్తే పక్కనే పెళుసుబారి, ఏ హెచ్చరికా లేకుండా తెగుతుంది. లోడు మొత్తాన్ని లాగే భాగం మీద ఆ పొదుపు వద్దు. బోల్టులతో బిగించే కొత్త రింగు, దానికి సరిపడే పిన్ను, పిన్నుకు లించ్ పిన్ను వేశాం. మేకునో తీగనో పెట్టే అలవాటు పోవాలి. పక్కనే 10 మి.మీ. గొలుసు ఒకటి అదనపు భద్రతకు.

డ్రాబార్ (రింగు ఉన్న ముందు కాడి) చట్రాన్ని కలిసే మూలలు పగుళ్లకు పుట్టిల్లు. రంగు గీకి, కిరసనాయిలు పూసి పది నిమిషాలు ఆగి, గుడ్డతో తుడిచి సుద్దపొడి చల్లాలి. పగులులోకి దిగిన కిరసనాయిలు సుద్దలో నల్లటి గీతలా ఊరుతుంది. కుడి చానల్‌లో 70 మి.మీ. పగులు తేలింది. పని వరస ఇలా నడిచింది. పగులు ఆగిన చోటుకు కాస్త అవతల 6 మి.మీ. రంధ్రం, లేకుంటే వెల్డు కింద నుంచి పగులు మళ్లీ పాకుతుంది. పగులు పొడవునా గ్రైండర్‌తో వీ ఆకారపు గాడి. 3.15 మి.మీ. 7018 రాడ్డుతో 110–120 ఆంపియర్ల దగ్గర రెండు పొరలు, పొరకూ పొరకూ మధ్య స్లాగ్ (వెల్డు మీద కట్టే పెచ్చు) పూర్తిగా కొట్టేయడం. 7018 రాడ్డుకు తేమ పడదు. తెరిచి ఉంచిన ప్యాకెట్టయితే ఓవెన్‌లో ఎండబెట్టించాలి, లేదంటే వెల్డు పక్కన చిన్న చిన్న పగుళ్లు వస్తాయి.

ఆ పైన బలానికి 6 మి.మీ. పట్టీ. దీన్ని నలుచదరంగా కోసి నాలుగు వైపులా వెల్డు చేస్తే అడ్డంగా పడిన ఆ గీత దగ్గరే కొత్త పగులు పుడుతుంది. పట్టీ కొనలను ఆకులా సన్నగా కోసి, చానల్ నిలువు గోడ మీదే అతకాలి. కింది రెక్కకు అడ్డంగా వెల్డు గీయనే కూడదు, లోడు లాగుడంతా పడేది అక్కడే.

వెల్డింగుకు ముందు రెండు జాగ్రత్తలు. ట్రాక్టర్ నుంచి ట్రక్కును విడదీయాలి. ఎర్త్ క్లాంపును వెల్డు పక్కనే పట్టించాలి; చక్రానికి తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి రోలర్ల మీద మచ్చలు పడతాయి, మొదటి ఆదివారం పనంతా వృథా.

నాలుగు, ఐదు ఆదివారాలు: అడుగు షీటు

ఇనుప షీటు మిల్లీమీటరు మందానికి చదరపు మీటరు 7.85 కిలోలు. ఈ అడుగు 5.57 చదరపు మీటర్లు. అంటే 3 మి.మీ. అయితే 131 కిలోలు, 4 అయితే 175, 5 అయితే 219. ఇసుక, కంకర తోలే బండికి 3 చాలదు. 5 వేస్తే బలమే గానీ 3 మి.మీ. షీటుకంటే 88 కిలోలు ఎక్కువ, ప్రతి ట్రిప్పులోనూ ఊరికే మోయాలి. ఇక్కడ అడ్డ కమ్మీలు 16 అంగుళాలకొకటి ఉన్నాయి, 4 మి.మీ. సరిపోయింది.

8×4 షీట్లను అడ్డంగా పరిచి 6 అడుగులకు కోస్తే పొడవులో 4+4+2 అడుగులుగా కూర్చుంటాయి. రెండున్నర షీట్లు. అతుకులు 4, 8 అడుగుల దగ్గర అడ్డ కమ్మీల మీదే పడ్డాయి. మిగిలిన 2 అడుగుల ముక్కలు పక్క డోర్ల కింది అంచుకు సరిపోయాయి. అతుకు ఒకదాని మీద ఒకటి ఎక్కించాలంటే పెంకుల వరసలా ముందు షీటు అంచు వెనక షీటు మీదికి రావాలి. తిరగేస్తే టిప్ చేసిన ప్రతిసారీ ఇసుక అంచుకు తట్టుకుంటుంది, పార ఇరుక్కుంటుంది.

షీటు కింద కమ్మీలను వైరు బ్రష్షుతో ఇనుము కనిపించేదాకా గీకి, ప్రైమర్ ముందే వేయాలి, తర్వాత చెయ్యి దూరదు. వెల్డు చోట మాత్రం ప్రైమర్ వద్దు. 50 మి.మీ. వెల్డు, 150 మి.మీ. ఖాళీ, మధ్య నుంచి అంచులకు, ఒకసారి ఎడమ, ఒకసారి కుడి. ఒక మూల నుంచి వరసగా గీసుకుంటూ పోతే షీటు వేడికి సాగి మధ్యలో అప్పడంలా ఉబ్బుతుంది. అతుకుల పైగీత మాత్రం పూర్తిగా మూసేయాలి, నీరు దిగితే రెండు షీట్ల మధ్య నుంచే తుప్పు తింటుంది. ముందు మూలల్లో 12 మి.మీ. రంధ్రాలు రెండు, వాన నీరు నిలవకుండా. పొటాష్, పశువుల ఎరువు తోలిన రోజు సాయంత్రమే తొట్టి కడగాలి, ఇసుక కంటే అవే ముందు షీటును తింటాయి.

రంగు గురించి ఒక్క మాట: రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ నీటిని ఆపదు. పైన ఎనామెల్ రెండు పూతలు పడకపోతే ఒక్క వానాకాలానికే తుప్పు బయటపడుతుంది.

ఆరో ఆదివారం: లైట్లు, టేపు

ఏడు పిన్నుల సాకెట్టు. వరస: 1 ఎడమ ఇండికేటర్, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటర్, 5 కుడి టెయిల్, 6 బ్రేకు, 7 ఎడమ టెయిల్. పాత ట్రాక్టర్లలో వైర్లు మార్చేసి ఉంటారు, టెస్ట్ ల్యాంపుతో ఒక్కో పిన్నూ చూసుకున్నాకే కలపాలి. ఎర్త్ చట్రం మీద వదిలేస్తే కరెంటు తుప్పు పట్టిన రింగు గుండా పోవాలి, లైట్లు మిణుకుమంటాయి. విడిగా 2.5 చదరపు మి.మీ. ఎర్త్ వైరు లాగాం, మిగతావి 1.5.

రిఫ్లెక్టర్ టేపు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. డోరు తెరిచినా కనపడేలా వెనక చట్రం కమ్మీ మీద కూడా ఒక వరస అంటించాలి. కోతల కాలంలో చీకట్లో రోడ్డు పక్కన ఆపిన ట్రక్కును గుద్దుకుని మనుషులు పోతున్నారు. మొత్తం పనిలో అతి చౌకైనది ఈ టేపు, దీన్ని మాత్రం మానొద్దు.

మిగిలిన పని: టిప్పింగ్ జాకీ

తొట్టిని ఎత్తే ఈ జాకీ ఒకదానిలోంచి ఒకటి బయటికొచ్చే గొట్టాలతో, ఒకవైపు నూనె ఒత్తిడితోనే లేచే రకం. సీలు పోతే నూనె బయటికే కారాలి. బయట చుక్క లేకుండా తొట్టి దిగుతుంటే లోపం జాకీది కాదు, ట్రాక్టర్ వాల్వుది. వేరే ట్రాక్టర్‌కు తగిలించి చూస్తే తేలుతుంది. ఇక్కడ రెండో గొట్టం మెడ దగ్గర నూనె తడి ఉంది, సీళ్లు మార్చాలి. గొట్టం మీద గోరు పెట్టి గీస్తే తట్టుకునే గాటు ఏదీ లేదు కాబట్టి సీళ్లతోనే సరిపోవాలి.

ఆ పని మొదలుపెట్టే ముందు రెండు 75×75×6 యాంగిల్స్‌ను డబ్బాలా అతికి, చట్రానికి కీలు వేసి ఆధారపు కాలు చేశాం. తొట్టి ఖాళీగా ఎత్తి, ఆ కాలు నిలబెట్టి, బరువు దాని మీదికి దించాకే కిందికి వెళ్లాలి. 50 కిలోమీటర్లు నడిచాక చక్రాల నట్లు, యూ బోల్టులు మరోసారి బిగించడం కూడా ఇంకా బాకీ ఉంది.