నిమ్మకాయలో నెత్తురు

నిన్న ఆఫీసు నుంచి వస్తూ లండన్ పికడిల్లీలో కాసేపు ఆగాను. ఈజిప్షియన్ హాల్ అనే ప్రదర్శనశాల ఒకప్పుడు ఉన్న చోటు అది. 1905లో కూల్చేశారు. 1873 నుంచి ముప్ఫై ఏళ్లు జాన్ నెవిల్ మాస్కెలిన్ ఇంద్రజాలం చేసింది అక్కడే.

గడియారాల పని నేర్చినవాడు. ఓ టైప్‌రైటర్ కూడా తయారుచేశాడు. 1875లో అతను ఆడించిన సైకో అనే బొమ్మ గాజు గొట్టం మీద కూర్చుని పేకాడేది. తీగలేవీ లేవని జనం కళ్లారా చూడాలనే ఆ గాజు. కిటుకంతా దాని లోపలి గాలి ఒత్తిడిలోనే ఉంది! ఎంత బుర్ర!

కానీ నాకు అతనంటే ప్రాణం మరో సంగతికి. 1865లో డావెన్‌పోర్ట్ సోదరులు చీకటి బీరువాలో చేతులు కట్టించుకుని కూర్చుని, ఆత్మలే వాద్యాలు మోగిస్తున్నాయని నమ్మించేవారు. తెర సందులోంచి పడ్డ వెలుతురులో వాళ్లలో ఒకడి చెయ్యి కదలడం చూశానన్నాడు మాస్కెలిన్. కొద్ది నెలల్లో స్నేహితుడు కుక్‌తో కలిసి, ఏ ఆత్మా లేకుండా అదే తంతు చేసి చూపించాడు.

నా చిన్నప్పుడు మా నాయనమ్మ మంచాన పడితే ఒక భూతవైద్యుడు వచ్చాడు. నిమ్మకాయ కోస్తే ఎర్రగా కారింది. కత్తికి ముందే మందు పూశాడని ఇంట్లో ఎవరికీ తెలీదు. నాయనమ్మ చెవి కమ్మలు తీసి అతని చేతిలో పెట్టింది. పికడిల్లీలో నిలబడితే నాకు ఆ బోసి చెవులే గుర్తొచ్చాయి.