బుల్లెట్ మీద రింగు గీత

డల్లాస్‌లో ఉండే మా బావకి టార్గెట్ షూటింగ్ అంటే ప్రాణం, అక్కడ చట్టం ఒప్పుకుంటుంది కాబట్టి తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుంటాడు, అంటే కాల్చిన ఖాళీ కేసులో మళ్లీ మందు పోసి కొత్త బుల్లెట్ బిగిస్తాడు (మన దగ్గర లైసెన్స్ లేకుండా చేస్తే 1959 ఆయుధాల చట్టం కింద నేరం, ఎవరూ ట్రై చేయొద్దండి). నిన్న వీడియో కాల్‌లో ఒకటి కెమెరాకి దగ్గరగా పెట్టి చూపించినాడు, బుల్లెట్ పైనుండే రాగి జాకెట్ (తొడుగు) మీద ముక్కుకి కొంచెం కింద చుట్టూ సన్నటి గీత, గోరు పెడితే తగుల్తాందంట. తిరుపతిలో లేత్ మీద పనిచేసేవాడిని, చూడగానే అర్థమైపోయింది. బుల్లెట్‌ని కేసులోకి దించే సీటింగ్ డై అనే పనిముట్టు లోపల బుల్లెట్‌ని నొక్కే స్టెమ్ (కడ్డీ) ఉంటుంది కదా, దాని గుంత అంచు పదునుగా ఉన్నా, ముక్కు వంపుకి సరిపోకపోయినా బలమంతా ఆ అంచు మీదే పడి గీత పడతాది. స్టెమ్ విప్పి సన్న ఎమెరీతో అంచు నున్నగా చెయ్ బావా అన్నా. కానీ అంత బలం ఎందుకు పడుతోందో కూడా చూడాల, కేసు మూతి లోపల చాంఫర్ (ఏటవాలుగా చెక్కిన అంచు) లేకపోయినా, బుల్లెట్‌ని పట్టుకునే కేసు మెడ, అదే నెక్, మరీ బిగువుగా ఉన్నా అంతే, నాకైతే నెక్ మీదే ఎక్కువ అనుమానం. స్టెమ్ ముట్టుకుంటే సీటింగ్ లోతు, అంటే బుల్లెట్ కేసులోకి దిగే లోతు, మారిపోతుంది, మళ్లీ కొలిచి సెట్ చేసుకోకుండా ఒక్కటి కూడా నొక్కొద్దని గట్టిగా చెప్పినా. పాలిష్ అయినాక ఫోటో పంపిస్తానన్నాడు.